వంట రాని ఇంజినీరమ్మ

ఒకసారి ఫ్రిజ్ తలుపు తీసి చూడండి. తలుపు లోపలివైపు గుడ్లు పెట్టుకోవడానికి గుంటల అర, వెన్నకి చిన్న గూడు, కింద నీళ్ల సీసాల వరస... రోజూ చూసేవే కదా! అలాగే కాలితో నొక్కితే మూత లేచే చెత్తడబ్బా. చేతులనిండా పిండి అంటుకుని ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఈ రెండింటి సంగతి వచ్చినప్పుడల్లా అమెరికాలో ఒకావిడ పేరు చెబుతారు. లిలియన్ గిల్‌బ్రెత్. ఇలాంటి చిన్న చిన్న సదుపాయాలని మొదట కనిపెట్టింది ఫలానావారే అని గట్టిగా చెప్పడం ఎప్పుడూ కష్టమే. ఒకే ఆలోచన ఒకేసారి నలుగురికి వస్తుంటుంది. అయితే లిలియన్ చేసిన పెద్దపని ఇంకోటుంది. ఇంట్లో వాడే వస్తువు తయారుచేసే ముందు, దాన్ని వాడే ఆడవాళ్లని అడిగి తెలుసుకోవాలని పెద్ద పెద్ద కంపెనీలని ఒప్పించింది.

పన్నెండుమంది పిల్లల తల్లి. ఇంజినీర్లలో ఇంజినీరు. తమాషా ఏమిటంటే ఆవిడకి వంట పెద్దగా రాదు!

లిలియన్ 1878 మే 24న కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పుట్టింది. పుట్టింటివాళ్లు కలిగినవాళ్లే. తొమ్మిదిమంది పిల్లల్లో పెద్దది. పెద్దపిల్లగా పుట్టడమంటే ఏమిటో మనకి తెలియంది కాదు. ఎప్పుడూ నీరసంగా ఉండే తల్లికి ఆసరాగా చిన్నవాళ్లని ఎత్తుకుని తిప్పింది. మహా బిడియస్తురాలు. తొమ్మిదేళ్లొచ్చేదాకా చదువు ఇంట్లోనే. పై చదువంటే తండ్రి ససేమిరా అన్నాడు. బతుకుతెరువు కోసం పంతులమ్మ ఉద్యోగం చేసుకోవాల్సిన వాళ్లకేగాని, మన ఇంటిపిల్లకి కాలేజీ ఎందుకని ఆయన అభిప్రాయం. బతిమాలి బామాలి ఒప్పించుకుని బర్క్‌లీలో చేరింది. ఇంగ్లీషు సాహిత్యం చదివింది. 1900లో పట్టా పుచ్చుకున్నప్పుడు, ఆ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో మాట్లాడిన మొట్టమొదటి విద్యార్థిని ఆవిడే. ఆ బిడియస్తురాలు!

1904లో ఫ్రాంక్ గిల్‌బ్రెత్‌తో పెళ్లయింది. వాళ్లాయన సంగతి కొంచెం చెప్పాలి. ఎందుకంటే లిలియన్ తర్వాత వంటింట్లో చేసిందానికి మూలం ఆయన ఇటుకలగోడ దగ్గరుంది.

ఫ్రాంక్ కాలేజీ మెట్లెక్కలేదు. తాపీపని నేర్చుకుని, మేస్త్రీ అయి, కాంట్రాక్టరయ్యాడు. పని నేర్చుకునే రోజుల్లోనే ఆయనకో అనుమానం వచ్చింది. ఒక్కో మేస్త్రీ ఒక్కోరకంగా ఇటుక పెడుతున్నాడు. మెల్లిగా చేసేటప్పుడు ఒకరకం, తొందరలో ఇంకోరకం, కొత్తవాడికి నేర్పేటప్పుడు మరోరకం. వీటిలో ఏది మంచిది? కూర్చుని లెక్కపెడితే ఒక్క ఇటుక పెట్టడానికి పద్దెనిమిది కదలికలు తేలాయి. ఇటుకలు నేలమీద కుప్పగా ఉంటాయి గనుక, ప్రతి ఇటుకకీ మనిషి వంగి, తన ఒళ్లంతా తనే పైకి ఎత్తుకుని లేవాలి. ఎత్తు మార్చుకునే పరంజా కట్టి, ఇటుకలు నడుం ఎత్తున అందేలా పెడితే కదలికలు అయిదుకి తగ్గాయి. వంగడం పోయింది. మధ్యాహ్నానికి నడుం పట్టేయడం పోయింది.

కింది అరలోంచి కుక్కర్ తీయడానికి రోజుకి ఎన్నిసార్లు వంగుతామో లెక్కపెట్టుకుంటే ఆ మేస్త్రీల బాధ మనకి వెంటనే అర్థమవుతుంది.

మొగుడూ పెళ్లాం కలిసి దీన్నొక శాస్త్రంగా చేశారు. పనిచేసే మనిషిని సినిమా కెమెరాతో తీసేవారు. పక్కనే సెకన్లలో భాగాలు చూపించే పెద్ద గడియారం పెట్టేవారు. చేతివేళ్లకి చిన్న బల్బులు కట్టి చీకట్లో ఫోటో తీస్తే, చెయ్యి తిరిగిన దారంతా ముగ్గులా పడేది. వెతకడం, పట్టుకోవడం, మోయడం, వదలడం... ఇలా ఏ పనినైనా చిన్న చిన్న ముక్కలు చేసి, ఆ ముక్కలకి తమ ఇంటిపేరునే తిరగేసి థర్బ్లిగ్ అని పేరు పెట్టారు.

ఫ్రాంక్ చూపు కదలిక మీద ఉండేది. లిలియన్ చూపు మనిషి మీద. అలసట ఎందుకొస్తుంది, మనసు ఎక్కడ మొండికేస్తుంది, అన్నేళ్లుగా చేస్తున్న పద్ధతి మార్చమంటే ఎందుకు కోపమొస్తుంది అని ఆలోచించింది. అందుకే సాహిత్యం వదిలి మనస్తత్వశాస్త్రం చదివింది. డాక్టరేట్ కోసం రాసిన గ్రంథాన్ని బర్క్‌లీ వాళ్లు, అక్కడ ఉండి చదవాల్సిన గడువు పూర్తికాలేదని పక్కనపెట్టారు. ఆవిడేం చేసింది? దాన్ని పుస్తకంగా వేయించుకుంది. 1914లో వచ్చింది. కానీ రచయిత ఆడమనిషని పాఠకులకి తెలియకూడదని ప్రకాశకుల షరతు. పుస్తకం మీద ఎల్.ఎం.గిల్‌బ్రెత్ అని పొడి అక్షరాలు మాత్రం పడ్డాయి. తర్వాత బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఇంకో గ్రంథం రాసి 1915లో డాక్టరేట్ తీసుకుంది. అప్పటికి వరసగా కాన్పులు. చేతిలో బిడ్డ లేని ఏడాది లేదు.

పన్నెండుమందీ కావాలన్నది ఫ్రాంక్ సరదా. ఆరుగురు ఆడపిల్లలు, ఆరుగురు మగపిల్లలు. రెండో అమ్మాయి మేరీ అయిదేళ్లప్పుడు, 1912లో డిఫ్తీరియాతో పోయింది. ఆ దుఃఖం గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎక్కువ మాట్లాడేవారు కాదట.

ఇల్లు ఎలా నడిచేదంటే, ఒక చిన్న పంచాయతీలాగ! ఆదివారాలు అందరూ కూర్చుని ఏ పని ఎవరిదో తేల్చుకునేవారు. కంచెకి రంగు వేయడంలాంటి పెద్దపనులకి పిల్లలు టెండర్లు వేసేవారు, తక్కువ అడిగినవాళ్లకి పని. స్నానాలగదిలో గ్రామఫోను పెట్టి, ఒళ్లు రుద్దుకుంటున్నంతసేపూ ఫ్రెంచి, జర్మన్ పాఠాలు వినిపించేవారు. ఫ్రాంక్ రెండుచేతులతో రెండు కత్తులు పట్టుకుని గడ్డం గీసుకుని కొన్ని సెకన్లు ఆదా చేశాడనీ, కోసుకున్నచోట కట్టుకట్టుకోడానికి అంతకన్నా ఎక్కువ టైము పట్టి మానుకున్నాడనీ పిల్లలు తర్వాత పుస్తకంలో రాసుకున్నారు. పనులపట్టిక గోడమీద వేలాడేది. మగపిల్లలకీ అందులో వాటా ఉండేది. ఇంటిపని ఇల్లాలొక్కదానిదే కాదని లిలియన్ తన పుస్తకాల్లో రాయకముందే ఇంట్లో చేసి చూసిందన్నమాట.

1924 జూన్ 14న అన్నీ తలకిందులయ్యాయి. న్యూజెర్సీలో మాంట్‌క్లెయిర్ రైల్వేస్టేషన్‌లో ఫోను చేస్తుండగా ఫ్రాంక్ గుండె ఆగి కూలిపోయాడు. యాభై ఆరేళ్లు కూడా నిండలేదు. ఆవిడకి నలభై ఆరు. పదకొండుమంది పిల్లలు. పెద్దమ్మాయికి పద్దెనిమిది, కడగొట్టుదానికి రెండేళ్లు. లండన్‌లోనూ, ప్రాగ్‌లోనూ జరిగే సభల్లో ఫ్రాంక్ ప్రసంగించాల్సి ఉంది. పిల్లల్ని కూర్చోబెట్టి సంప్రదించి, కొద్దిరోజుల్లోనే ఓడెక్కి వెళ్లి ఆయన బదులు తను మాట్లాడి వచ్చింది. భర్త పోయి వారం తిరక్కుండానే ప్రయాణమా అని మన వీధిలోనైతే ఎన్ని మాటలో! అక్కడైనా అనకుండా ఉండి ఉంటారా?

తిరిగొచ్చేసరికి అసలు దెబ్బ కాచుకుని ఉంది. ఫ్యాక్టరీలు కాంట్రాక్టులు తిరిగి ఇవ్వలేదు. ఇరవయ్యేళ్లు భర్తతో సమానంగా పనిచేసింది, డాక్టరేట్ ఉంది, అయినా ఫ్యాక్టరీలో మగవాళ్లచేత పని మార్పించడానికి ఆడమనిషా అన్నారు. పదకొండుమంది చదువులు, తిళ్లు, బట్టలు. ఇంట్లోనే తరగతులు పెట్టి కంపెనీల మనుషులకి పాఠాలు చెప్పింది. అది చాలలేదు.

అప్పుడు తిరిగింది ఇంటివైపు. ఇల్లంటే ఆడవాళ్ల రాజ్యం కదా, అక్కడ ఆడమనిషి సలహా చెబితే ఎవరికీ అభ్యంతరముండదు! ఫ్యాక్టరీ గుమ్మం మూసేస్తే వంటింటి గుమ్మంలోంచి అదే శాస్త్రాన్ని లోపలికి తెచ్చింది. ఇష్టపడి వచ్చిందనుకోను. వచ్చాక మాత్రం మనసు పెట్టి చేసింది.

మొదట మేసీస్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరు. అమ్మేపిల్లలు ఎందుకంత అలసిపోతున్నారో తెలుసుకోవడానికి తనే కౌంటరు వెనక నిలబడి అమ్మింది. తర్వాత 1926లో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ ఒక పని అప్పగించింది. నెలసరిలో వాడే ప్యాడ్‌లు. ఆ మాటే పైకి అనని కాలం. తయారుచేసేది మగవాళ్లు, వాడేది ఆడవాళ్లు, మధ్యలో ఒక్కమాట లేదు. లిలియన్ వెయ్యిమందికి పైగా ఆడవాళ్ల దగ్గర వివరాలు సేకరించింది. కాలేజీ అమ్మాయిలు, ఉద్యోగస్తులు... ఏది మందంగా ఉంది, ఏది ఒరుసుకుంటోంది, ఎలా పారేస్తున్నారు, కొట్లో ఎలా అడుగుతున్నారు అని. సైజు చిన్నగా ఉండాలి, సన్నగా ఉండాలి, పెట్టె మీద అక్షరాలు నలుగురికీ కనబడేలా ఉండకూడదు. 1927 మొదట్లో నివేదిక ఇచ్చింది. 1928లో ఆ కంపెనీ మోడెస్ ప్యాడ్‌ల ప్రకటనలో ఒక చీటీ అచ్చువేసింది. కత్తిరించి కొట్టువాడి చేతిలో పెడితే చాలు, నోరు తెరిచి అడగక్కర్లేదు. మెడికల్ షాపులో న్యూస్‌పేపరు చుట్టి, నల్లకవర్లో వేసి ఇస్తున్నప్పుడు మన మొహాలు ఎటు తిప్పుకుంటామో గుర్తుతెచ్చుకోండి. ఆ చీటీ అంత పాతదేం కాదనిపిస్తుంది.

ఇక వంటిల్లు. ఇక్కడ ఆవిడ ఇటుకలగోడని నేరుగా తెచ్చి పెట్టింది. వంటింటి పటం కాగితం మీద గీయండి. ఇల్లాలు పనిచేస్తుంటే ఒకరు చూస్తూ, ఆవిడ తిరిగిన ప్రతిచోటా ఒక గుండుసూది గుచ్చి, దారం చుట్టుకుంటూ పోండి. పని అయ్యాక చూస్తే దారం చిక్కుపడిన పిట్టగూడులా ఉంటుంది. ఆ దారాన్ని పొట్టి చేయడమే లక్ష్యం. 1927లో ఇల్లాలూ ఆవిడ ఉద్యోగమూ అన్న అర్థం వచ్చే పేరుతో పుస్తకం రాసింది. ఇంటిపనికి ఉద్యోగం అని పేరు పెట్టడం ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చిన విషయం.

బ్రూక్లిన్‌లో ఒక గ్యాస్ కంపెనీ ఉండేది. దాని అధ్యక్షురాలు మేరీ డిల్లన్ అనే ఆవిడ. అదే కంపెనీలో చిన్న గుమాస్తాగా చేరి ఆ కుర్చీదాకా వచ్చింది. ఆవిడ లిలియన్‌ని పిలిచి ఒక నమూనా వంటిల్లు కట్టించింది. 1929లో న్యూయార్క్‌లో స్త్రీల ప్రదర్శనలో దాన్ని జనానికి చూపించారు. పొయ్యి, పక్కనే గట్టు. పొయ్యి పైన గిన్నెలు, గట్టు పైన సరుకులు. ఫ్రిజ్ చేతికందే దూరంలో. చోటు చాలకపోతే లాక్కునే చక్రాల బల్ల. ఉన్నచోట తిరిగితే అన్నీ అందాలి. ఇవాళ మనకి ఇదేం వింత అనిపిస్తుంది. అప్పట్లో పొయ్యి ఒక గోడకి, సింకు ఇంకో గోడకి, గిన్నెల బీరువా పక్కగదిలో. ఒక స్ట్రాబెర్రీ కేకు పాతరకం వంటింట్లో ఒకసారి, లిలియన్ పద్ధతి వంటింట్లో ఒకసారి చేయించి లెక్కపెట్టారు. పనులు 97 నుంచి 64కి తగ్గాయి. అడుగులు 281 నుంచి 45కి!

తర్వాత జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ. కరెంటు పొయ్యిలు, ఫ్రిజ్‌లు తయారుచేసే ఆ పెద్ద కంపెనీ కోసం నాలుగువేలమందికి పైగా ఆడవాళ్లని కలిసి వివరాలు తీసుకున్నారు. పొయ్యి ఎంత ఎత్తులో ఉండాలి? సింకు ఎంత లోతు? గట్టు ఎక్కడిదాకా? సింకులో గిన్నెలు తోమేటప్పుడు చెయ్యి సింకు అడుగుదాకా పోతుంది, చపాతీ ఒత్తేటప్పుడు గట్టు పైనే ఉంటుంది. మరి రెండింటికీ ఒకే ఎత్తు ఎలా సరిపోతుంది? పొడుగావిడకీ పొట్టావిడకీ ఒకే గట్టు ఎలా నప్పుతుంది? మనిషి ఎత్తుని బట్టి గట్టు ఎత్తు ఉండాలన్నది లిలియన్ వాదన. వీలున్న పనులు కూర్చుని చేసుకోవడానికి తగిన ఎత్తు స్టూలు ఉండాలనీ అంది. కూర్చుని చేస్తే బద్ధకమనే అత్తగార్లు అక్కడా ఉండి ఉంటారు.

ఆ వాదన మాత్రం నెగ్గలేదు. కంపెనీలకి అన్నీ ఒకే సైజులో పోతపోసుకోవడం సుఖం. పొయ్యి, సింకు, గట్టు ఒకే గీతలో ఉంటే చూపుకీ అందం. అమెరికాలో చివరికి 36 అంగుళాలని ఒక లెక్క ఖాయమైపోయింది. మన దగ్గర? ఇల్లు కట్టేటప్పుడు గట్టు ఎత్తు మేస్త్రీ చెబుతాడు, లేదా ఇంటాయన చెబుతాడు. అయిదడుగులు లేని నాలాంటి వాళ్లు పెద్దగిన్నెలో పులిహోర కలపాలంటే కాళ్లవేళ్ల మీద నిలబడతాం. గృహప్రవేశానికొచ్చిన అమ్మలక్కలు టైల్స్ రంగు మెచ్చుకుంటారేగాని ఎత్తు సంగతి ఎవరూ ఎత్తరు.

1933లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఐ.బి.ఎం. కంపెనీతో కలిసి ఆవిడ ఇంకో వస్తువు పెట్టింది. ఇల్లాలి రాతబల్ల! గడియారం, రేడియో, టెలిఫోను, లెక్కల మిషను, టైపు మిషను, బిల్లులు దాచుకునే అరలు, బయటికి లాగితే వచ్చే పనులపట్టికలు. వంటింటి మూలలో నుంచుని పాలలెక్క క్యాలెండరు మీద గీసుకునే మనకి ఆ బల్ల బొమ్మ చూస్తే ముచ్చటేస్తుంది. ఇల్లు నడపడం ఆఫీసు నడపడమంత పనైతే, ఆ పనికి కూర్చోవడానికి ఒక చోటు కావాలి కదా.

ఇక్కడ ఒకమాట దాచకుండా చెప్పాలి. ఈ కంపెనీలు ధర్మానికి ఆవిడకి డబ్బివ్వలేదు. పొయ్యిలు అమ్ముకోవడానికి ఇచ్చాయి. పైగా యంత్రాలొచ్చినంతమాత్రాన ఇల్లాలికి తీరిక దొరికిందా అంటే, రూత్ ష్వార్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో ఒక పుస్తకమే రాసి, పెద్దగా దొరకలేదని తేల్చింది. బట్టల మిషనొస్తే బట్టలు రోజూ ఉతకాల్సి వచ్చింది. మంచి పొయ్యి వస్తే ఒక కూర చోట మూడు. మనింట్లో వాషింగ్ మెషీన్ వచ్చాక విప్పిన బట్టల కుప్ప పెరిగిందో తగ్గిందో మీకే తెలుసు. మిగిలిన సమయం మనిషి సంతోషంగా గడపడానికేనని లిలియన్, ఫ్రాంక్ ఎప్పుడూ అనేవారు. ఆ మిగిలిన సమయం ఇల్లాలి చేతికే దక్కేలా చూడటం మాత్రం ఏ ఇంజినీరుకీ సాధ్యం కాలేదు.

మరి ఆవిడ ఇంట్లో వంటిల్లు? మాంట్‌క్లెయిర్ ఇంట్లో అది పాతకాలందే. అందులో రాజ్యమేలింది టామ్ అనే పనివాడు. వండేది అతనే, తిట్టేదీ అతనే. అమ్మ వండితే ఎలా ఉండేదో పిల్లలు హాస్యంగా రాశారు, నేను చెప్పను. తనకి వంట రాకపోవడం వల్లే అడిగి తెలుసుకోవడం ఆవిడకి అంత బాగా వచ్చిందేమో అనిపిస్తుంది. వచ్చినవాళ్లం మనకి తెలుసులే అని అడగడం మానేస్తాం.

ఆ తర్వాతంతా పైకి ఎక్కడమే. 1930లో నిరుద్యోగం విరుచుకుపడినప్పుడు హూవర్ ప్రభుత్వం ఆవిడని పిలిచింది. 1935లో పర్డ్యూ విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ విభాగంలో ప్రొఫెసరైంది. అక్కడ ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ. పదకొండుమంది పిల్లలూ కాలేజీ చదువులు చదివారు. 1948లో ఇద్దరు పిల్లలు, ఫ్రాంక్ జూనియర్, ఎర్నెస్టీన్ కలిసి రాసిన ఇంటికథ, చీపర్ బై ది డజన్, అమెరికా అంతా నవ్వుకుంటూ చదివింది. 1950లో సినిమా అయింది. 2003లో అదే పేరుతో వచ్చిన సినిమాకీ వీళ్ల కథకీ పెద్దగా సంబంధంలేదు. ఆ పాత సినిమాలో నాన్నే హీరో. అమ్మ నెమ్మదిగా నవ్వుతూ పక్కన ఉంటుంది, అంతే.

నా మటుకు నాకు, ఆవిడ పనుల్లోకెల్లా గొప్పది డెబ్భయ్యో పడి దగ్గర్లో చేసింది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక, గుండెజబ్బున్న ఇల్లాళ్ల కోసం న్యూయార్క్‌లో గుండెజబ్బుల సంఘంతో కలిసి ఒక వంటిల్లు తయారుచేసింది. ఎక్కువ నడవకుండా, చేతులు పైకెత్తకుండా, ఆయాసం రాకుండా వంట చేసుకునేలా. డాక్టర్ హోవార్డ్ రస్క్ నడిపిన పునరావాస కేంద్రంతో కలిసి, చక్రాల కుర్చీలో కూర్చుని పనిచేసుకునే వాళ్ల కోసమూ ఆలోచించింది. కుర్చీ లోపలికి పోవడానికి సింకు కింద ఖాళీ, ఒంటిచేత్తో కూర తరగడానికి మేకులున్న పలక... కాలో చెయ్యో పోయిందని మంచానికి నెట్టేసిన ఆడమనిషి మళ్లీ తన పిల్లలకి తను అన్నం పెట్టుకోగలిగితే, ఇంట్లో ఆవిడ మాటకి మళ్లీ విలువ వస్తుంది. అడుగులు 281 నుంచి 45కి తగ్గడం ఆరోగ్యవంతురాలికి సదుపాయం. అదే గుండెజబ్బు మనిషికి ప్రాణం.

1965లో అమెరికా జాతీయ ఇంజినీరింగ్ అకాడమీకి ఎన్నికైంది. అందులోకి అడుగుపెట్టిన తొలి మహిళ ఆవిడే. అప్పటికి ఎనభై ఏడేళ్లు. 1972 జనవరి 2న ఆరిజోనాలో కన్నుమూసింది. తొంభైమూడేళ్లు బతికింది, భర్త పోయాక నలభై ఏడేళ్లు. 1984లో అమెరికా తపాలాశాఖ ఆవిడ బొమ్మతో 40 సెంట్ల స్టాంపు వేసింది. ఈసారి పొడి అక్షరాలు కావు, లిలియన్ అని పూర్తిపేరే అచ్చువేశారు.